కూర్చోమన్నది నేనే

మేము హొసకోటె చేరేసరికి మధ్యాహ్నం దాటింది. మే నెల. మూడు ట్రక్కులు, ఒక జీపు, వెనక నీళ్ళ ట్యాంకరు. ఓల్డ్ మద్రాస్ రోడ్డు వదిలి ఎడమకు తిరిగాం. రెండు పక్కలా నీలగిరి తోపులు, వాటి మధ్య గోడౌన్లు. నీలం రేకు గోడలు, కిటికీలు లేవు. ట్రక్కు దిగగానే బూటు ఎర్రమట్టిలో కూరుకుపోయింది. ముందురోజు వడగళ్ళ వాన పడిందట. ఆ రోజు మాత్రం ఎండ నెత్తి మాడుస్తోంది.

మాది కేంద్ర బలగాల్లో ఒక కంపెనీ. అంతకు ముందు రెండేళ్ళు అడవుల్లో ఉన్నాం. ఎన్నికల బందోబస్తుకని బెంగళూరు పంపారు. ఎన్నికలు అయిపోయాయి. సామాను కట్టుకున్నాం. రైలు కూడా ఖాయమైంది. అంతలో ఆర్డరు మారింది. ఇక్కడ పోలీసులు చాలడం లేదు, ఇంకొన్నాళ్ళు ఉండండి అన్నారు.

అందరూ విసుక్కున్నారు. నేను లోపల సంబరపడ్డాను. నాది ములబాగిలు పక్క పల్లె. ఇంట్లో తెలుగు, బళ్ళో కన్నడ, ఉద్యోగంలో హిందీ. ఇరవై ఏళ్ళు మంచులో, అడవుల్లో డ్యూటీ చేశాను. ఇంటికి గంటన్నర దూరంలో పోస్టింగు పడడం అదే మొదటిసారి. నేను హవల్దారుని. నా కింద ఒక సెక్షను, పదిమంది జవాన్లు.

బసకి ఖాళీ గోడౌను ఇచ్చారు. పైన రేకు. పగలు పెనంలా కాలేది. కంపెనీ కమాండరు జీపు బానెట్ మీద మ్యాపు పరిచి విషయం చెప్పాడు. ఊరివాళ్ళకీ ఒక గోడౌన్ల సంస్థకీ మధ్య నేల తగాదా. ఊరి చెరువును అక్కడ కెరె అంటారు. దాన్ని ఆనుకుని పశువుల మేత భూమి ఉంది, దాన్ని గోమాళ అంటారు. రెంటినీ కలిపి సంస్థకు కేటాయించారు. కెరెలో నీళ్ళు లేవు కాబట్టి అది కెరె కాదన్నారు. ఊరివాళ్ళు దారికి అడ్డంగా షామియానా వేసుకుని కూర్చున్నారు. జేసీబీలు ఇవతల ఆగిపోయాయి. కోర్టు స్టే ఇచ్చింది.

"మనం ఎవరి పక్షమూ కాదు. తాడుకి ఇవతల నిలబడతాం. వాళ్ళు ఇటు రాకూడదు, వీళ్ళు అటు పోకూడదు. ఎవరినీ ముట్టుకోవద్దు" అన్నాడు కమాండరు.

రైఫిళ్ళు క్యాంపులోనే పెట్టేశాం. షీల్డు, హెల్మెట్, ఛాతీకీ మోకాళ్ళకీ ప్రొటెక్టర్లు, లాఠీ. పొద్దున ఆరింటికి తాడు దగ్గరికి వెళితే మధ్యాహ్నం దాకా మా వంతు. తాడు నడుమెత్తున కట్టి ఉండేది. అవతల షామియానా, జంపఖానాలు, నీళ్ళ డ్రమ్ము. ఆడవాళ్ళు ఎక్కువ. వాళ్ళు మాట్లాడుకునేది మాటమాటా వినిపించేంత దగ్గర.

నాకు తెలుగు వచ్చని మొదట వాళ్ళకు తెలీదు. మూడో రోజు ముందు వరసలో ఒక ముసలమ్మ మమ్మల్ని చూసి పక్కామెతో అంది.

"యా ఊరి బిడ్డలో ఏమో పాపం. ఆ టోపీల్లో తలకాయలు ఉడికిపోతాండాయి. ఒక చెంబు మజ్జిగన్నా ఇద్దామా?"

"ఇయ్యి. రేపు అదే చేత్తో నిన్ను కొడతారు."

"కొడితే కొట్టనీ. దప్పిక మీద కొట్టేదానికన్నా దప్పిక తీరినాక కొడితే రోంత నిదానంగా కొడతారు."

నాకు నవ్వాగలేదు. ముసలమ్మ నోటి మీద చెయ్యి పెట్టుకుంది. "అయ్యో, ఈయప్పకు తెలుగొస్తాదే!"

షామియానా అంతా నవ్వింది. మజ్జిగ వచ్చింది. తీసుకోకూడదు. తీసుకున్నాను.

ఆ రోజు నుంచి నేను వాళ్ళకు హవల్దారప్పనయ్యాను.

షామియానా నడిపేది జయమ్మ టీచరు. ఆ ఊరి కోడలు. హొసకోటెలో కాలేజీ పిల్లలకు చరిత్ర చెప్పి రిటైరయింది. మోకాళ్ళు వంగవు. అందరూ కింద కూర్చుంటే ఆమె ఒక్కతే ప్లాస్టిక్ కుర్చీలో. పొద్దున వంటలు అయ్యాక, ఎండ ముదిరే లోపు, ఆమె ఒక పాఠం చెప్పేది. రోజుకొక మనిషి గురించి. ఎప్పుడూ పేరుతో మొదలుపెట్టేది కాదు. ఎక్కడివాడు, ఏం పని చేసేవాడు, ఎందుకు కొట్టనన్నాడు. అలా మొదలుపెట్టేది.

మొదట బెళగొళ కొండమీది రాతి మనిషి గురించి చెప్పింది. రాజ్యం కోసం అన్నతో తలపడ్డాడు. గెలిచే క్షణంలో ఎత్తిన చేతిని ఎత్తినట్టే ఆపేశాడు. "ఓడిపోయినోడు కొట్టకపోవడం వేరే. గెలిచేటోడు కొట్టకపోవడం వేరే" అంది. జైనులు దాన్ని ఎంత దూరం తీసుకుపోయారో చెప్పింది. చేత్తో మాత్రమే కాదు, మాటతో, మనసులో కూడా ఇంకొకరిని నొప్పించకూడదన్నారు.

మరునాడు రష్యా దొర. పెద్ద జమీందారు. వయసులో ఉన్నప్పుడు ఫిరంగి దళంలో ఆఫీసరు. యుద్ధం కళ్ళారా చూశాడు. ముసలితనంలో ఏసు చెప్పిన మాట పట్టుకుని కూర్చున్నాడు, చెడ్డవాణ్ణి చెడుతో ఎదుర్కోవద్దన్న మాట. రాజులు యుద్ధాలు చెయ్యరు, సిపాయిలు చేస్తారు, సిపాయి చెయ్యనంటే రాజు ఏమీ చేయలేడు అని అతని వాదన.

"ఆయనా మిలిటరీ మనిషే, హవల్దారప్పా" అంది నా వైపు తిరిగి.

నేను షీల్డు సర్దుకున్నాను.

ఇంకో రోజు అమెరికావాడు. నీటి గుంట పక్కన గుడిసె వేసుకుని బతికినవాడు. తన సర్కారు మనుషుల్ని బానిసలుగా ఉంచుతోందని, పక్క దేశం మీద యుద్ధానికి పోతోందని, పన్ను కట్టనన్నాడు. ఒక రాత్రి జైల్లో పెట్టారు. తర్వాత గుజరాతీ బారిస్టరు. ఆయన గురించి మాకు తెలుసులే అన్నారందరూ. "తెలిసింది నోట్ల మీద బొమ్మ" అంది జయమ్మ. ఆయన దక్షిణాఫ్రికాలో ఉండగానే రష్యా దొరను చదివాడు, గుడిసెవాణ్ణి చదివాడు. ఇంట్లో తల్లి ఉపవాసాలు చూసి పెరిగాడు. పక్కన జైనుల సావాసం ఉండేది. రష్యా దొరకు ఉత్తరం రాస్తే ఆ ముసలాయన చనిపోయే ముందు జవాబు రాశాడు. "ఇది మనదే అని ఎగరొద్దు. వాళ్ళదే అని చిన్నబుచ్చుకోవద్దు. ఒకరి చేతిలోంచి ఒకరి చేతికి వచ్చినాది. వచ్చిన ప్రతి చెయ్యీ దానికి రోంత మార్పు చేసినాది."

ఒక రోజు సరిహద్దు పఠాను గురించి చెప్పింది. తుపాకీ ఒంట్లో భాగంగా పెరిగిన జాతి. వాళ్ళ నాయకుడు ఎర్రచొక్కాలు తొడిగించి ఆయుధం పట్టనని ఒట్టు పెట్టించాడు. ఓర్చుకోమని మన మతమే చెప్పింది, ఇది కొత్తదేమీ కాదన్నాడట. నా సెక్షన్లో ఒక కశ్మీరు కుర్రాడు హిందీలో ఏం చెబుతోందని అడిగాడు. చెప్పాను. మళ్ళీ మొదటి నుంచి చెప్పమన్నాడు.

చివర అమెరికా నల్లవాళ్ళు. వాళ్ళ పాదిరి ఒకాయన నాగపూరు వచ్చి కొన్నేళ్ళుండి, ఇక్కడి పద్ధతి నేర్చుకుని వెళ్ళి అక్కడి పిల్లలకు నేర్పాడు. తెల్లవాళ్ళ హోటళ్ళలో పోయి కూర్చోవాలి. తిడతారు, నెడతారు, మీద కాఫీ పోస్తారు. కదలకూడదు. అందుకని ముందే చర్చిలో సాధన చేసేవాళ్ళు. సగం మంది కొట్టేవాళ్ళుగా, సగం మంది కూర్చునేవాళ్ళుగా.

ఊరివాళ్ళు కూడా సాధన మొదలుపెట్టారు. మజ్జిగ ముసలమ్మ పోలీసు వేషం. చీపురు పట్టుకుని "లేయండే, లేయండి!" అని తోడికోడళ్ళ మీద పడేది. నవ్వి నవ్వి అందరూ దొర్లిపోయేవాళ్ళు. మేమూ నవ్వాం. కమాండరు కూడా నవ్వాడు.

చౌడప్ప ఒక్కడే ఆ ఆటలో చేరలేదు. ఎయిర్‌పోర్టు ట్యాక్సీ నడిపేవాడు. ముప్పై ఏళ్ళుంటాయి. వాళ్ళమ్మ ఆ గోమాళలో ఆవుల్ని మేపుకునేది. "నాకీ నాటకం చేతకాదు మేడమ్" అని దూరంగా నీలగిరి చెట్ల కింద నిలబడేవాడు. కారు డిక్కీలో రెండు ఇనుప రాడ్లు పెట్టుకున్నాడని అందరికీ తెలుసు. నాకూ తెలుసు. రిపోర్టు చేయలేదు.

సాయంత్రాలు క్యాంపులో మేము కూడా ఇదే మాట్లాడుకునేవాళ్ళం. మా రేడియో ఆపరేటరు మిజోరం మనిషి. తక్కువ మాట్లాడతాడు. ఒకరోజు టీ తాగుతూ అన్నాడు.

"నేను భర్తీ అయినప్పుడు మా పాస్టరు అడిగాడు. ఒక చెంప మీద కొడితే రెండో చెంప చూపించమని నీకు నేర్పాను కదా, ఇప్పుడు మొదటి చెంప మీద కొట్టే ఉద్యోగంలో చేరుతున్నావా అని."

"ఏం చెప్పావు?"

"జీతం ఇంత అని చెప్పాను."

నర్సింగ్ అసిస్టెంటు నాగపూరు పక్కవాడు. వాళ్ళ తాత బౌద్ధం తీసుకున్నాడు. "మా ఇంట్లో పొద్దున్నే ఐదు మాటలు చెప్పించేవాడు తాత. మొదటిది ప్రాణం తీయను అని. అందుకే మందుల పెట్టె అడిగి తీసుకున్నాను" అన్నాడు. నన్ను అడిగారు. మా ఇంట్లో దేవరకు కోడిని కోస్తాం. ఎవరూ నాకు ఇలాంటివి చెప్పలేదు. చెప్పినా వినే వయసు కాదు, పద్దెనిమిదికే రిక్రూట్‌మెంటు లైన్లో నిలబడ్డాను. అదే చెప్పాను.

అలా మూడో వారం వచ్చింది. ఒకరోజు పాఠం అయ్యాక చౌడప్ప చెట్ల కింద నుంచి వచ్చాడు.

"మేడమ్, ఒక మాట. ఆ రష్యా దొర, ఆ బారిస్టరు, ఆ పఠాను, అందరూ పెద్దోళ్ళు. వాళ్ళని కొడితే లోకానికి తెలస్తాది. నన్ను కొడితే ఎవరికి తెలస్తాది? కొట్టేటోనికి సిగ్గే లేకపోతే అప్పుడేం చెయ్యల్ల?"

జయమ్మ ముక్కు మీద కళ్ళజోడు సర్దుకుంది.

"అది నాకూ తెలీదు చౌడా. వాళ్ళు కూడా తేల్చి చెప్పలే. కొట్టేటోడు కూడా మనిషేనని నమ్మినారు. అంతే."

"నమ్మకం తప్పితే?"

"నన్నెందుకు అడుగుతావప్పా? కొట్టాల్సినాయన ఆడనే నిలబడుండాడు. ఆయన్నే అడుగు."

చౌడప్ప తాడు దాకా వచ్చాడు. షామియానా అంతా ఇటు తిరిగింది. ముసలమ్మ చేతిలో చీపురు అలాగే ఉంది.

"అన్నా. ఆర్డరొస్తే కొడతావా?"

నిజమైన జవాబు ఒక్కటే ఉంది. కొడతాను. ఇరవై ఏళ్ళలో వచ్చిన ఏ ఆర్డరునీ నేను కాదనలేదు. ఆ మాట నాలిక మీదికి వచ్చింది. ముసలమ్మ ముఖం చూశాను. చెప్పలేకపోయాను.

"ఆర్డరు యాల వస్తాదప్పా? కోర్టు స్టే ఉండాది. కోర్టోళ్ళ సెలవులయ్యేదాకా ఏమీ జరగదు. ముందుకొచ్చి కూచోండి. ఏం కాదు. నాది పూచీ" అన్నాను.

అది అబద్ధం కాదు. పొద్దున రోల్ కాల్‌లో కమాండరు మాతో చెప్పిన మాటే. కానీ చౌడప్ప అడిగింది స్టే గురించి కాదు. నా గురించి. నేను స్టే వెనక దాక్కున్నాను.

మరునాడు ముసలివాళ్ళంతా ముందు వరసకు జరిగి కూర్చున్నారు. నీడ అక్కడ ఎక్కువ. చౌడప్ప కారు తెచ్చి, నాకు కనిపించేలా డిక్కీ తెరిచాడు. ఖాళీ.

"బావిలో పడేసినా. నువ్వు చెప్పినావని కాదులే అన్నా" అన్నాడు. డిక్కీ మూసి, కాస్త ఆగి, మళ్ళీ అన్నాడు. "రోంత నువ్వు చెప్పినావనే."

ఆ తర్వాత నాలుగు రోజులు కూడా కాలేదు. పొద్దున ఎనిమిది గంటలు. మబ్బు పట్టి ఉంది. రేడియో గరగరమంది. చార్లీ అంటే మేము, టైగర్ అంటే పై ఆఫీసు.

"చార్లీ, చార్లీ, ఇది టైగర్. స్టే ఎత్తేశారు. మెషిన్లు బయల్దేరాయి. దారి క్లియర్ చేయాలి. ఓవర్."

రేడియో ఆపరేటరు నా వైపు చూశాడు. "మళ్ళీ చెప్పమననా?"

"అను."

మళ్ళీ అదే చెప్పారు.

కమాండరు తహసీల్దారుతో కలిసి వచ్చాడు. ముఖం గంటు పెట్టుకున్నాడు. అతనికి కూడా ఇష్టం లేదని తెలుస్తూనే ఉంది. మైకు నా చేతికిచ్చాడు. "నీకు భాష వచ్చు. నువ్వే చెప్పు."

"సార్, నేను లోపలికి వెళ్ళి మాట్లాడతాను. అర్ధగంట ఇవ్వండి. నా మాట వింటారు."

"లోపలికి వెళ్ళిన జవానుకి ఏదన్నా అయితే నేనేం జవాబు చెప్పాలి? ఇక్కడి నుంచే చెప్పు."

తాడు నడుమెత్తే ఉంది. కాలెత్తితే దాటేవాణ్ణి. దాటి ఆ ముసలివాళ్ళ పక్కన కూర్చుని, నా మాట తప్పింది, లేయండి అని చెప్పి ఉండొచ్చు. చార్జిషీటు వచ్చేది. అంతకంటే ఏమయ్యేది? ఇప్పుడు ఇలా అనుకుంటాను. అప్పుడు అనుకోలేదు. మైకు నోటి దగ్గర పెట్టుకున్నాను.

"అమ్మా, అప్పా. స్టే తీసేసినారు. దయచేసి లేసి పక్కకు పోండి. లేకపోతే మేమే తీయాల్సొస్తాది. దండం పెడతా, లేయండి."

పూచీ గురించి ఏమీ అనలేదు.

షామియానాలో కొందరు లేచారు, మళ్ళీ కూర్చున్నారు. జయమ్మ కుర్చీలోంచి గట్టిగా అంది.

"వినపడిందప్పా. మేము లెయ్యము. నువ్వు నీ పని చెయ్యి. కోపం లేదు."

తర్వాత ఆమె ఇద్దరి భుజాలు పట్టుకుని కుర్చీ దిగింది. వంగని మోకాళ్ళు ముందుకు చాచి తారు రోడ్డు మీద కూర్చుంది. చెట్ల కింద నుంచి చౌడప్ప వచ్చాడు. నా వైపు ఒకసారి చూశాడు. ఆ చూపులో భయం లేదు. వచ్చి ఆమె పక్కన ముందు వరసలో కూర్చున్నాడు.

తహసీల్దారు ఇచ్చిన పది నిమిషాల గడువు అయిపోయింది. జేసీబీ హారను దగ్గరికొచ్చింది. కమాండరు తల ఊపాడు. నేను మైకు కింద పెట్టాను.

"సెక్షన్, ఆగే బఢ్!"

తెలుగులో బతిమాలాను. హిందీలో ఆర్డరిచ్చాను. రెండూ ఒకే నోటితో.

ముందు షీల్డులతో నెట్టాం. వాళ్ళు కదల్లేదు. ఇద్దరు జవాన్లు ఒక మనిషిని ఎత్తి పక్కన పెడితే, ఆ మనిషి పాక్కుంటూ వచ్చి మళ్ళీ కూర్చునేది. చెమట. దుమ్ము. వెనక నుంచి హారను ఆగకుండా మోగుతోంది. మా ఆర్డరు నెట్టమనే. కొట్టమని ఎవరూ అనలేదు. ఎవరో ఒకరి లాఠీ లేచింది. ఒకటి లేచాక మిగతావి లేచాయి. నా సెక్షన్లో కూడా.

నేను కొట్టలేదు. ఈ మాట ఎన్నిసార్లు ఎంతమందితో అన్నానో. 

వాళ్ళలో ఎవరూ రాయి తీయలేదు. ముసలమ్మ తల మీద కొంగు కప్పుకుని ముడుచుకుంది. జయమ్మ చేతి మణికట్టు విరిగింది. చౌడప్ప ముఖం మీద ఎడమ కంటి దగ్గర దెబ్బ పడింది. కొట్టింది నా సెక్షన్ జవానే, మొదటి పోస్టింగు. కొట్టాక వాడి చేతిలోంచి లాఠీ దానంతట అదే జారిపోయింది.

నర్సింగ్ అసిస్టెంటు పెట్టె పట్టుకుని తాడు దాటాడు.

"ఎక్కడికి?" అని కమాండరు అరిచాడు.

"పనికి, సార్" అన్నాడు. ఆగలేదు.

రేడియోలో టైగర్ అడుగుతున్నాడు. దారి క్లియరా? ఓవర్. దారి క్లియరా? ఆపరేటరు హ్యాండ్‌సెట్ పట్టుకుని నిలబడ్డాడు. బటను నొక్కలేదు. రెండు, మూడుసార్లు పిలుపు వచ్చింది. నేను హ్యాండ్‌సెట్ అతని చేతిలోంచి తీసుకున్నాను.

"క్లియర్. ఓవర్" అన్నాను.

ఆ సాయంత్రానికి వాళ్ళు మళ్ళీ వచ్చి కూర్చున్నారు. కట్లతో, తక్కువ మంది. షామియానా లేదు. సన్నగా వాన పడుతోంది. ఎవరో తీసిన వీడియో ఊరూరా తిరిగింది. రెండు రోజుల్లో పని ఆపారు. తర్వాత కోర్టు కెరె నేలను వదిలేయమంది. గోమాళలో సగం గోడౌన్లకు పోయింది, సగం మిగిలింది. జయమ్మ చెప్పిన పాఠం గెలిచిందనే అనాలి. చౌడప్ప ఎడమ కన్ను పోయింది.

బెంగళూరు ఆసుపత్రిలో అతన్ని చూడడానికి సివిల్ బట్టల్లో వెళ్ళాను. గదిలోకి అడుగు పెట్టలేకపోయాను. వరండాలో జయమ్మ బెంచీ మీద కూర్చుని ఉంది, చేతికి పిండికట్టు. నేను ఏదో అనబోయాను. ఆమె ఆపింది.

"నువ్వొక్కడివే కూచోబెట్టలేదప్పా. నేనూ కూచోబెట్టినా. ఆ పెద్దోళ్ళందరూ తమ ఒంటి మీద పడే దెబ్బల గురించి బాగానే రాసినారు. పక్కనోని మీద పడే దెబ్బ గురించి తక్కువ రాసినారు. ఇన్నేండ్లు పాఠం చెప్పినా, నాకీ మాట తట్టలే."

ఆమె ఏడవలేదు. ఏడ్చి ఉంటే నాకు కాస్త తేలికగా ఉండేది.

విచారణకు ఒక ఆఫీసరు వచ్చాడు. కంపెనీలో అందరికీ ముందే ఒక మాట అందింది, ఊరివాళ్ళు రాళ్ళు వేశారని చెప్పమని. నా వంతు వచ్చింది.

"రాళ్ళు ఏ వైపు నుంచి వచ్చాయి?"

"రాళ్ళు పడలేదు సార్."

"ఆలోచించి చెప్పు."

"ఒక్కటి కూడా పడలేదు సార్. నా సెక్షన్ కొట్టింది. ముందుకు పదమన్నది నేను."

ధైర్యం అనుకోకండి. అప్పటికే ఆలస్యం. కొన్నాళ్ళకు నన్ను ఈశాన్యానికి బదిలీ చేశారు. పెన్షనుకు సరిపడా సర్వీసు ఉంది. వాలంటరీ రిటైర్మెంటు పెట్టి వచ్చేశాను. కంపెనీ వదిలి వెళ్ళే రోజు రేడియో ఆపరేటరు స్టేషను దాకా వచ్చాడు. "మన ఇద్దరిలో జవాబిచ్చింది నువ్వే" అన్నాడు. విచారణ గురించో, ఆ రోజు రేడియో గురించో, మెచ్చుకున్నాడో తిట్టాడో ఇప్పటికీ తెలీదు.

ఇప్పుడు బెంగళూరులోనే, మహదేవపురలో ఉంటున్నాను. అపార్టుమెంట్లో అందరూ కంప్యూటరు ఉద్యోగాలవాళ్ళు, హైదరాబాదు, విజయవాడ వైపు నుంచి వచ్చినవాళ్ళు. ఆగస్టు పదిహేనుకి మైకు నాకిస్తారు. "అంకుల్, బోర్డర్ ఎక్స్‌పీరియన్స్ ఏదన్నా షేర్ చేయండి, పిల్లలకి ఇన్‌స్పిరేషన్‌గా ఉంటుంది" అంటారు. మంచు గురించి చెబుతాను. చలికి నీళ్ళ బాటిల్ గడ్డకట్టడం గురించి చెబుతాను. చప్పట్లు కొడతారు. నేను పట్టుకున్న ఇంకో మైకు గురించి చెప్పను. 

పోయిన ఏడాది బస్సెక్కి ఆ ఊరు వెళ్ళాను. కన్ను పోయాక చౌడప్పకు ట్యాక్సీ నడిపే బ్యాడ్జీ కూడా పోయింది. గోడౌన్ల గేటు ఎదురుగా చిన్న అంగడి పెట్టుకున్నాడు. లారీ డ్రైవర్లకు టీ, బీడీలు, బిస్కెట్లు. నన్ను కుడి కంటితో చూసి వెంటనే గుర్తుపట్టాడు.

"ఏమన్నా మిలిటరీ, బాగుండావా? కూచో."

టీ ఇచ్చాడు. కెరెలో ఆ ఏడు నీళ్ళొచ్చాయని, వాళ్ళమ్మ ఇంకా ఆవుల్ని తోలుకుపోతోందని చెప్పాడు. నేను గ్లాసు తిప్పుతూ కూర్చున్నాను. చివరికి అన్నాను.

"చౌడప్పా, ఆ దినం నువ్వు నన్నొక మాట అడిగితివి. నేను జవాబు చెప్పలే."

"ఊఁ."

"కొడతానని చెప్పుండాల్సింది."

అతను స్టవ్ తగ్గించాడు. "నువ్వు కొట్టలేదు కదన్నా. కూచోమన్న్యావు, అంతే."

ఎత్తిపొడుపు కాదు. మామూలుగానే అన్నాడు. గ్లాసులు కడిగి బోర్లిస్తూ మళ్ళీ మొదలుపెట్టాడు.

"మైకులో చెప్పినావే, అప్పుడు కూడా నేను నమ్మలేదన్నా. మొన్ననే పూచీ అన్న్యాడు, ఇది ఉత్త బెదిరింపే అనుకున్యా. అట్ల అనుకునే వచ్చి కూచుంటిని. నిజం తెలిసింటే కూచుందునో లేదో. ఆ టీచరమ్మ చెప్పినోళ్ళందరూ తెలిసే కూచున్యారు. నేను తెలిసి కూచున్యానా, తెలీక కూచున్యానా? నాకే తెలీకుండా చేస్తివి నువ్వు. కన్ను గురించి కాదు నాకు. ఇదే."

జవాబు చెప్పాలనుకున్నాను. లారీ వచ్చి ఆగింది. ముగ్గురు దిగి టీ అడిగారు. అతను లేచాడు. నేను కాసేపు నిలబడి, వస్తానని చెప్పి బస్సెక్కాను. మహదేవపురలో దిగేదాకా ఆ జవాబు గొంతులోనే ఉంది. ఇంకా వెళ్ళి చెప్పలేదు. చెప్పే హక్కు నాకుందో లేదో తేల్చుకోలేకపోతున్నాను.

చెప్పాలనుకున్నది ఇది. ఆ రోజు దెబ్బ పడ్డాక అతన్ని లేపడానికి నర్సింగ్ అసిస్టెంటుకు సాయం పట్టింది నేను. ముఖమంతా రక్తం. లేపుదామని చెయ్యి కోసం వెతికితే దొరకలేదు. చేతులు రెండూ తొడల కింద ఉన్నాయి. మొదటి లాఠీ లేచినప్పుడే, అవి వాటంతట అవి లేవకుండా, వాటి మీద తనే కూర్చున్నాడు. ఏ పాఠంలోనూ అది లేదు, ఎవరూ నేర్పలేదు. ఎంత లాగినా రాలేదు, బలం కొద్దీ రోడ్డుకేసి అదుముకుని ఉన్నాడు. "అయిపోయిందప్పా, వదులు" అన్నాను. నెమ్మదిగా వదిలాడు. అరచేతులు పైకి తిప్పి చూస్తే, తారు కంకర చర్మంలోకి దిగి ఉంది.